వెబ్ అభ్యర్థనల నమోదు: కాన్ఫిగరేషన్ ఫైలు నుండి ప్రోగ్రాంలోకి – చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

2016 అక్టోబరు 11న పెద్దపల్లి, కరీంనగర్ నుండి వేరుపడి జిల్లాగా ఏర్పడింది. మంథని ఉన్నచోటనే ఉంది. అక్కడివారి అర్జీ చేరవలసిన కలెక్టరేటు మారింది. ఏ అర్జీ ఏ కార్యాలయానికి చెందుతుందో ముందుగా ప్రకటించడం పాలనకు ఎంత అవసరమో, వెబ్ సర్వరుకూ అంతే అవసరం. ఒక చిరునామాకు వచ్చిన అభ్యర్థనను స్వీకరించి సమాధానమిచ్చే ప్రోగ్రాం భాగాన్ని హ్యాండ్లర్ అంటారు. చిరునామాకు, హ్యాండ్లర్‌కు గల సంబంధాన్ని ఎక్కడ నమోదు చేయాలన్న ప్రశ్నను జావా సర్వ్‌లెట్ల చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. కేంద్ర పట్టిక

1993లో రూపొందిన సీజీఐ పద్ధతిలో సాధారణంగా చిరునామాలోని పేరే ప్రోగ్రాం ఫైలు పేరు. ప్రతి అభ్యర్థనకూ ఆ ప్రోగ్రాం కొత్తగా మొదలయ్యేది. 1997లో సన్ మైక్రోసిస్టమ్స్ ప్రవేశపెట్టిన సర్వ్‌లెట్లు ఈ భారాన్ని తగ్గించాయి. 1999 నాటి సర్వ్‌లెట్ 2.2 ప్రమాణం ‘వెబ్.ఎక్స్ఎంఎల్’ అనే ఫైలును నిర్దేశించింది. అందులో ప్రతి సర్వ్‌లెట్‌కు ఒక పేరుపెట్టి, ఆ పేరును ఒకచోట క్లాసుతోను, మరొకచోట చిరునామాతోను జతపరచాలి. ప్రోగ్రాం రాసేవారు, దానిని సర్వరులో నెలకొల్పేవారు వేర్వేరు వ్యక్తులన్న భావన దీనికి మూలం. రెండవవారు ప్రోగ్రాంను తిరిగి కంపైల్ చేయకుండానే చిరునామాను మార్చగలిగేవారు.

3. ప్రోగ్రాంలోకి మార్పు

ఈ సౌలభ్యానికి మూల్యం ఉంది. ఫైలులోని క్లాసు పేరు కేవలం అక్షరాల వరుస. కంపైలర్ దానిని పరీక్షించదు. క్లాసు పేరు మార్చి ఫైలును మరచిపోతే, దోషం సర్వరు నడిచేటప్పుడే బయటపడుతుంది. ఇతర భాషలలో 2005లో వెలువడిన జాంగో, 2007లో వెలువడిన సినాట్రా చిరునామాలను ప్రోగ్రాంలోనే రాయించాయి. 2004లో జావా 5 తెచ్చిన అనొటేషన్లు జావాలోనూ ఇందుకు దారితీశాయి.

2009 డిసెంబరులో వెలువడిన సర్వ్‌లెట్ 3.0 రెండు మార్గాలను కల్పించింది. మొదటిది, క్లాసు పైనే ‘వెబ్‌సర్వ్‌లెట్’ అనొటేషన్‌తో చిరునామా రాయడం. రెండవది, అప్లికేషన్ ప్రారంభమయ్యే వేళ ‘యాడ్‌సర్వ్‌లెట్’ను పిలిచి నమోదు చేయడం. రెండవ మార్గంలో పరిస్థితినిబట్టి చిరునామాను నిర్ణయించవచ్చు. ప్రారంభదశ ముగిసిన తరువాత మాత్రం నమోదుకు అనుమతి లేదు. 2011లో వచ్చిన స్ప్రింగ్ 3.1 ఈ అవకాశాన్ని ఆధారం చేసుకొని, వెబ్.ఎక్స్ఎంఎల్ లేకుండానే అప్లికేషన్‌ను నెలకొల్పే వీలు కల్పించింది.

4. నిలిచిన అధికారం

అయినా పాత ఫైలు రద్దు కాలేదు. ఒకే పేరుగల సర్వ్‌లెట్‌కు రెండుచోట్లా చిరునామా ఉంటే ఫైలులోనిదే చెల్లుతుంది. ‘మెటాడేటా–కంప్లీట్’ అని ప్రకటిస్తే సర్వరు అనొటేషన్లను వెదకదు. కార్యాలయపు నామఫలకం ఏమి చెప్పినా ఉత్తర్వుదే తుదిమాట అయినట్లు ఇది.

5. ముగింపు

మంథని పేరిట ఉన్న జేఎన్‌టీయూహెచ్ ఇంజనీరింగ్ కళాశాల 2010లో, అంటే ఈ మార్పు వచ్చిన మరుసటి ఏడాది ఏర్పడింది. అటువంటి కళాశాలల వెబ్ టెక్నాలజీస్ బోధనకు ఈ చరిత్ర అవసరం. అనొటేషన్ మాత్రమే నేర్చిన విద్యార్థికి, తాను రాసిన చిరునామా ఎందుకు పనిచేయలేదో అర్థంకాదు. నమోదు ప్రోగ్రాంలోకి చేరడంతో పొరపాట్లు తగ్గాయి. అప్లికేషన్ ద్వారాలన్నింటినీ ఒకేచోట చదివి తనిఖీ చేసే వీలు కూడా తగ్గింది. నమోదు స్థలాన్ని ఎంచుకోవడమంటే, ఆ పట్టికను చదివే, మార్చే అధికారం ఎవరిదో నిర్ణయించడమే.