కాన్ ఫెలోస్ ప్రోగ్రామ్

కాన్ ఫెలోస్ ప్రోగ్రామ్ న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయానికి అనుబంధమైన టీచర్స్ కాలేజీ నడిపే ఫెలోషిప్. ప్రభుత్వ బడులను సమర్థంగా నడుపుతున్నారని ఇప్పటికే పేరున్న ప్రిన్సిపాళ్ల కోసం దీన్ని ఏర్పరచారు. చార్లెస్ కాన్, జేన్ కాన్ దంపతుల చేయూతతో 2000 దశకం తొలినాళ్లలో మొదలైంది. పేరూ వారిదే.

ప్రిన్సిపాల్ అనే మాటను ఇక్కడ కాస్త జాగ్రత్తగా చదువుకోవాలి. మన వాడుకలో హైస్కూలుకు హెడ్మాస్టరు, జూనియర్ కాలేజీకి ప్రిన్సిపాలు. అమెరికాలో ఒకటో తరగతి పిల్లలున్న బడి పెద్దను కూడా ప్రిన్సిపాల్ అనే అంటారు.

ఈ ఫెలోషిప్ పుట్టినప్పుడు న్యూయార్క్ బడుల వ్యవస్థ తలకిందులవుతోంది. 2002లో రాష్ట్ర చట్టసభ నగరంలోని బడులపై పెత్తనాన్ని మేయర్ మైకేల్ బ్లూమ్‌బర్గ్ చేతికిచ్చింది. ఆయన వాటి బాధ్యతను జోయెల్ క్లైన్ అనే న్యాయవాదికి అప్పగించారు. అప్పట్లో దాదాపు 11 లక్షల మంది పిల్లలు చదివిన ఆ బడులకు ప్రిన్సిపాళ్లను తయారుచేయడానికి 2003లో లీడర్‌షిప్ అకాడమీ వచ్చింది. అయితే ఇలాంటి శిక్షణలన్నీ సాధారణంగా కొత్తవారి కోసమో, చతికిలబడిన బడుల కోసమో ఉంటాయి. సాఫీగా నడుస్తున్న బడి తలుపు తట్టి, మీరెలా ఉన్నారని ప్రిన్సిపాల్‌ను అడిగేవారుండరు. కాన్ ఫెలోషిప్ ఎంచుకున్నది సరిగ్గా ఆ ప్రిన్సిపాల్‌నే.

ఎంపికైనవారు ఉద్యోగం వదలనక్కర్లేదు. వేసవిలో టీచర్స్ కాలేజీలో కలుస్తారు. ఏడాదికి పైగా సాగే ఫెలోషిప్ కాలంలో మళ్లీ మళ్లీ కూడుతూ, మధ్యలో తమ బడులు తాము నడుపుకుంటారు. ఒక్కొక్కరు తమ బడిలోని చిక్కు ఒకదాన్ని ఎంచుకుని, ఏడాది పొడవునా దాని మీద పనిచేస్తారు. ఆచార్యులు పాఠాలు చెప్పినా, తోటి ప్రిన్సిపాళ్ల ప్రశ్నలకే పదునెక్కువ. బడిలో ప్రిన్సిపాల్‌కు పై అధికారులుంటారు, కింద ఉపాధ్యాయులుంటారు. సాటివారు మాత్రం ఉండరు. తన తడబాటును పైవారికి చెబితే మార్కులు పోతాయి, కిందివారికి చెబితే మాట చెల్లదు. చెప్పుకోగలిగేది మరో ప్రిన్సిపాల్‌కే.

కార్యక్రమంలో గెటిస్‌బర్గ్ యాత్ర ఒకటుంది. బడి పెద్దలకు యుద్ధభూమితో ఏం పని అనిపించవచ్చు. 1863 జూలై 1 నుంచి 3 వరకు పెన్సిల్వేనియాలోని ఆ ఊరి దగ్గర అమెరికా అంతర్యుద్ధంలోని ప్రధాన పోరు జరిగింది. మొదటి రోజు దక్షిణ సేనాని రాబర్ట్ లీ, వీలైతే ఎదుటి గుట్టను పట్టుకోమని తన కింది సేనాని యూయెల్‌కు కబురుపెట్టాడు. వీలుకాదనుకున్న యూయెల్ ఆగిపోయాడు. సర్క్యులర్లు రాసేవారికి ఆ ‘వీలైతే’ బాగా తెలిసిన మాట. మర్నాడు లిటిల్ రౌండ్ టాప్ అనే కొండ మీద తూటాలు అయిపోవస్తుంటే బాయొనెట్లతో దూకమన్న ఉత్తర దళపతి జాషువా చేంబర్లేన్, యుద్ధానికి ముందు కాలేజీ అధ్యాపకుడు.

దీన్ని మిగతా శిక్షణల నుంచి వేరుచేసే ఏర్పాటు మరొకటి. ప్రతి ఫెలో తన బడి నుంచే ఒకరిని ‘అలై’గా, అంటే తోడుగా ఎంచుకుంటారు. అసిస్టెంట్ ప్రిన్సిపాల్ కావచ్చు, ముందుకొచ్చే ఉపాధ్యాయుడు కావచ్చు. ఎంచుకున్న చిక్కు మీద ఇద్దరూ కలిసి పనిచేస్తారు. అనుభవం ఉపన్యాసంగా కాక పక్కన నిలబడి చూసిన పనిగా చేతులు మారుతుంది. ప్రిన్సిపాల్ ఎక్కడ ఆగారో, ఎందుకు మాట మార్చుకున్నారో తోడు కళ్లారా చూస్తారు. ఇందులో ఇబ్బంది కూడా లేకపోలేదు. బాగా తయారైన తోడు రేపు మరో బడికి ప్రిన్సిపాల్‌గా వెళ్లిపోవచ్చు. అప్పుడు నష్టపోయేది తీర్చిదిద్దిన బడే, లాభపడేది నగరం.

మొదట న్యూయార్క్ నగరానికే పరిమితమైన ఈ ఫెలోషిప్‌లోకి తర్వాత బయటి ప్రాంతాల ప్రిన్సిపాళ్లను కూడా తీసుకున్నారు.