జంషెడ్‌పూరు ఉక్కు – నాణ్యత నడచిన బాట

భారతదేశమున ఆధునిక పరిశ్రమల చరిత్రను వ్రాయువారెవ్వరును జంషెడ్‌పూరును విడిచి ముందునకు సాగజాలరు. సువర్ణరేఖా, ఖర్కాయీ నదుల సంగమమున, నేటి జార్ఖండ్ రాష్ట్రమందున్న ఈ పట్టణము శతాబ్దికి పైగా ఉక్కును పోత పోయుచున్నది. ఇచట ఎన్ని టన్నుల ఉక్కు తయారైనదో తెలుపు గ్రంథములు పెక్కు కలవు. ఆ ఉక్కు మేలిమిని ఎవరు, ఏ సాధనములతో కాపాడిరను ప్రశ్న మాత్రము అంతగా చర్చకు రాలేదు. ఆ ప్రశ్న వెంట నడచినచో నొక సత్యము గోచరించును. నాణ్యతను రక్షించు శాస్త్రము మన దేశమునకు ఆలస్యముగా రాలేదు. వచ్చిన శాస్త్రమును మనమే ఆలస్యముగా అక్కరకు తెచ్చుకొంటిమి.

భూగర్భశాస్త్రవేత్త ప్రమథనాథ బోసు 1904లో మయూరభంజ్ సంస్థానమందలి గోరుమహిసానీ కొండల ఇనుప ఖనిజమును గూర్చి టాటాలకు లేఖ వ్రాసెను. జంషెట్‌జీ టాటా ఆ సంవత్సరమే కీర్తిశేషుడయ్యెను. ఆయన సంకల్పము 1907లో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీగా రూపుదాల్చెను. మరుసటి సంవత్సరము సాక్చి గ్రామమున నిర్మాణము మొదలై, 1911 డిసెంబరులో ఇనుమును, 1912 ఫిబ్రవరిలో ఉక్కును వెలువరించెను.

ఈ కర్మాగారమునకు తొలి పెద్ద కొనుగోలుదారు ప్రభుత్వమే. ఏటా 20,000 టన్నుల రైలు పట్టాలను పది సంవత్సరముల పాటు కొందుమని ప్రభుత్వము మాట యిచ్చెను. ధర దిగుమతి సరకు ధరను మించరాదు, నాణ్యత ప్రభుత్వ ప్రమాణమునకు తగ్గరాదు అనునవి నిబంధనలు. రైల్వే అధికారియైన సర్ ఫ్రెడరిక్ అప్‌కాట్, టాటాలు ఆ ప్రమాణమునకు సరిపోవు పట్టాలను చేయగలిగినచో వానిలో ప్రతి పౌనును తాను తినెదనని పలికినట్లు ఒక కథ ప్రచారమున కలదు. పిమ్మట మొదటి ప్రపంచయుద్ధమున సుమారు 1,500 మైళ్ల పట్టాలును, 3 లక్షల టన్నుల ఉక్కును ఇచటి నుండి మెసపొటేమియా, ఈజిప్టు, పాలస్తీనా, తూర్పు ఆఫ్రికా రంగములకు తరలినవి. 1919 జనవరిలో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ సాక్చికి జంషెడ్‌పూరని నామకరణము చేసెను.

ఆనాటి నాణ్యత తనిఖీపై నిలిచినది. పట్టా తయారైన పిమ్మట దానిని పరీక్షించి, సరిపడిన దానిని స్వీకరించి, సరిపడని దానిని త్రోసిపుచ్చెడివారు. ఈ పద్ధతి కొనువానిని రక్షించును. కాని చేయువానికి నేర్పునది స్వల్పము. త్రోసిపుచ్చిన పట్టాకు వెచ్చించిన బొగ్గును, శ్రమను ఏ తనిఖీదారుడును మరల తెచ్చి యీయజాలడు. 1937లో జంషెడ్‌పూరున పరిశోధనకును, నియంత్రణకును ప్రత్యేక ప్రయోగశాల వెలసినది. 1943లో రాకపోకలకు తెరచిన హౌరా వంతెనకు పట్టిన 26,500 టన్నుల ఉక్కులో 23,000 టన్నులు ఈ పట్టణము నుండి వెళ్లినదే.

అంతకు ముందే, 1924లో, అమెరికా బెల్ టెలిఫోను వ్యవస్థలో పనిచేయుచుండిన వాల్టర్ షూహార్ట్ ఒక చిన్న పటమును గీసి నూతన మార్గమును చూపెను. అదియే కంట్రోలు చార్టు. బ్లాస్టు ఫర్నేసు నుండి దిగు ఇనుమునందు సిలికాన్ ఎంత కలదో ప్రతి పోతకును కొలిచి, ఆ అంకెలను కాగితముపై చుక్కలుగా గుర్తించిరనుకొందము. నడుమ సగటు గీత. దానికి పైనను క్రిందను రెండు హద్దు గీతలు. చుక్కలు హద్దుల నడుమ ఏ వరుసయు లేక అటునిటు కదలుచున్నచో అది పనికి సహజమైన చాంచల్యము. దానికై పనివానిని మందలించుట వ్యర్థము. చుక్క హద్దు దాటినచో ఏదో ప్రత్యేక కారణము చొరబడినదని గ్రహించి వెదకవలెను. దోషమును చివర పట్టుకొనుటకు బదులు, పుట్టుచోటనే పట్టుకొనుట దీని మర్మము.

ఈ షూహార్ట్ 1947–48లో, స్వాతంత్ర్యము వచ్చిన కొలది మాసములకే, ఆచార్య మహలనోబిస్ ఆహ్వానముపై భారతదేశమునకు వచ్చి పెక్కు పరిశ్రమల వారికి తన పద్ధతిని బోధించెను. మహలనోబిస్ 1931లో కలకత్తాలో స్థాపించిన భారతీయ గణాంకశాస్త్ర సంస్థ ఈ ఉద్యమమునకు కేంద్రమయ్యెను. కలకత్తా జంషెడ్‌పూరునకు సుమారు 250 కిలోమీటర్ల దూరము మాత్రమే.

ఆ సంస్థలోనే ఆంధ్రులు గర్వింపదగిన మేధావి యొకరుండిరి. ఆయన కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920లో హూవిన హడగళిలో తెలుగు కుటుంబమున జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితమున ఎం.ఏ. పట్టము పొంది, 1941లో కలకత్తా చేరిరి. ప్రయోగములను లంబ సరణులలో పేర్చు విధానమును 1940లలో ఆయన రూపొందించిరి. ఒక లోహపు గట్టితనమును ఏడు అంశములు నిర్ణయించుననియు, ఒక్కొక్క దానికి రెండేసి స్థితులు కలవనియు అనుకొందము. అన్ని కలయికలను పరీక్షించుటకు 128 ప్రయోగములు కావలెను. అంశములు ఒకదానితో నొకటి పెనవేసికొననిచో, తగిన సరణి ప్రకారము ఎనిమిది ప్రయోగములతోనే ఒక్కొక్క అంశపు ప్రభావమును తెలిసికొనవచ్చును. 1954–55లో జపాను నుండి ఆ సంస్థకు వచ్చిన గెనిచి టగుచి ఇట్టి సరణులను తమ దేశపు కర్మాగారములలో విస్తారముగా ప్రయోగించెను. షూహార్ట్ భావములను జీర్ణించుకొన్న డెమింగ్ 1950లో జపానున ఉపన్యసింపగా, 1951లో ఆయన పేర అచట బహుమానము వెలసినది.

జపాను నేర్చిన పాఠమును మన పరిశ్రమలు ఏల పూర్తిగా నేర్వలేదు? కారణము బుద్ధిలోపము కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున మొదలైన ఉక్కు నియంత్రణము పలు మార్పులతో 1992 జనవరి వరకు సాగెను. కొరతగా నున్న ఉక్కును రైళ్లకు, ఆనకట్టలకు, యంత్రములకు న్యాయముగా పంచవలెనన్న దాని ఉద్దేశము మంచిదే. కాని కొనువాడు కోటా కొరకు వరుసలో నిలిచినప్పుడు సరకును త్రోసిపుచ్చు ధైర్యము వానికుండదు. త్రోసిపుచ్చువాడు లేనిచోట కంట్రోలు చార్టు గోడకు అలంకారమై మిగులును.

ఆ కాలమున మంచి ప్రయత్నములు జరుగలేదనుట అన్యాయము. 1956లో టాటా కంపెనీయు కార్మిక సంఘమును చేసికొన్న ఒప్పందము వలన విభాగము మొదలు యాజమాన్యపు స్థాయి వరకు సంయుక్త మండలులు ఏర్పడినవి. కొలిమి చెంత నిలుచువానికి కొలిమిని గూర్చి తెలియునన్న సంగతిని అవి అంగీకరించినవి. 1980లలో మన రామచంద్రాపురమందలి బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారమున నాటుకొన్న క్వాలిటీ సర్కిళ్లు దేశమంతటను వ్యాపించుటకు మూలమును ఈ భావమే.

1992లో నియంత్రణము తొలగుటతో కొనువానికి ఎన్నుకొను స్వేచ్ఛ వచ్చెను. జంషెడ్ ఇరానీ నాయకత్వమున కర్మాగారము తన పనులనన్నిటిని కొలుచుకొన నారంభించెను. 2000లో టాటా సంస్థల జె.ఆర్.డి. నాణ్యతా బహుమానమును, 2008లో డెమింగ్ బహుమానమును, 2012లో డెమింగ్ గ్రాండ్ బహుమానమును గెలుచుకొనెను. కలకత్తాలో వెలిగిన దీపము జపాను చుట్టి జంషెడ్‌పూరునకు చేరుటకు అరువది సంవత్సరములు పట్టెను.

ఈ విజయమునకు మూల్యము చెల్లించినవారు కలరు. 1990ల ఆరంభమున దాదాపు 78,000గా నుండిన ఉద్యోగుల సంఖ్య 2000ల మధ్యకు సగమునకు దిగెను. ముందుగా విరమించిన పలువురకు విరమణ వయస్సు వరకు నెలనెలా జీతమిచ్చు ఏర్పాటును కంపెనీ చేసెను. ఇది పెక్కు పరిశ్రమలలో కానరాని ఔదార్యమే. అయినను తండ్రి కొలువు కుమారునకు లభించునన్న తరతరముల నమ్మిక సడలెను. బిష్టుపూరులో శ్రీరామ మందిరమును నిర్మించుకొని, ఉత్తరాంధ్ర నుండి వచ్చి ఆ పట్టణమునే స్వగ్రామముగా భావించిన తెలుగు కుటుంబములకును ఈ మార్పు తప్పలేదు. నలుబది ఏండ్ల పాటు కొంచెము కొంచెముగా జరుగవలసిన సవరణ పదేండ్లలో జరిగినందుననే దాని బరువు ఒక తరముపై పడినది.

కాబట్టి జంషెడ్‌పూరు చరిత్ర బోధించునది రెండు విషయములు. సాధనము ఎంత సూక్ష్మమైనదైనను, సరకును కాదను హక్కు కొనువానికిని, లోపమును చెప్పు చనువు పనివానికిని లేనిచోట అది ఫలింపదు. సవరణను వాయిదా వేసినచో దాని ఖర్చు తొలగిపోదు. వడ్డీతో పెరిగి, వాయిదా వేసినవారిపై గాక తరువాతివారిపై పడును. ఇది కొలిమికి ఎంత వర్తించునో, ప్రజలు వరుసలో నిలిచి వేచియుండు ప్రతి కార్యాలయమునకును అంతే వర్తించును.