సొకోరో సాక్షి

1964వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీ సాయంకాలమున, అమెరికాదేశపు న్యూ మెక్సికో రాష్ట్రమందలి సొకోరో పట్టణమున, మితిమీరిన వేగముతో పోవుచున్న యొక కారును వెన్నాడుచున్న లానీ జమోరా యను పోలీసు ఉద్యోగి, హఠాత్తుగా గర్జనమొకటి విని, నైరుతి దిశయందు జ్వాలను గాంచి, అచటి డైనమైటు కొట్టము ప్రేలినదేమోయని శంకించి, ఆ కారును వెన్నాడుట మాని కొండబాట పట్టెను. వంకలో అతనికి కనబడినది తలక్రిందులైన కారు కాదు, తొలుత అతడట్లే తలంచినను. అండాకారమున తెల్లనైన వస్తువు, దానిచెంత తెల్లని దుస్తులతో రెండు చిన్న ఆకారములు. అంతలో అది మంటలు గ్రక్కుచు పైకి లేచెను. పరుగిడిన జమోరా కండ్లజోడు జారిపడినది. పిలుపునందుకొని వచ్చిన మరియొక పోలీసునకు పొగలెగయు పొదలును, నేలపై నాలుగు గుంటలును మాత్రమే దొరకినవి.

కొలది దినములకు సొకోరో చేరిన జె. ఆలెన్ హైనెక్ ఖగోళశాస్త్రజ్ఞుడు; శుక్రగ్రహమును, ఉల్కలను, వాతావరణ బెలూనులను చూచి భ్రమపడినవారి కథనములను ఏరివేయుటకై వైమానికదళము 1948 నుండి నియోగించుకొనిన సలహాదారు. స్వతహాగా సంశయాళువైన యాతడు జమోరాను తరచి తరచి ప్రశ్నించి, ఇతడు కల్పించువాడు కాడని నిశ్చయించుకొనెను. స్థానిక విద్యార్థుల కొంటెతనమని కొందరు, చంద్రునిపై దింపదలచిన యంత్రమునకు పరీక్షయని కొందరు ఊహించిరి గాని, గుర్తు తెలియని ఎగురు వస్తువులపై దళమువారు జరిపిన 'బ్లూ బుక్' పరిశోధన దానిని తేల్చలేకపోయెను. 1969లో ఆ పరిశోధన ముగియునాటికి 12,618 ఉదంతములలో 701 అట్లే మిగిలినవి. సాక్షి సత్యవాది యనుటకును, అతడు చూచినది గ్రహాంతరయానమే యనుటకును నడుమ గల దూరము మిక్కిలి పెద్దది. నమ్మువారు, నమ్మనివారు అను ఉభయపక్షములవారును దానిని ఒక్క గంతున దాటజూచుటయే చిత్రము.

1966లో మిషిగన్ రాష్ట్రమున పలువురు వింత వెలుగులను చూచినపుడు, అవి చిత్తడినేలల వాయువు కావచ్చునని హైనెక్ పత్రికలవారికి చెప్పి నవ్వులపాలయ్యెను. మన పల్లెల కొరివిదెయ్యమునకును విజ్ఞులు చెప్పు కారణమిదియే. వివరణ అసంభవమేమియు కాదు. తమ్ము వెఱ్ఱివారినిగా నెంచిరని సాక్షులకు కలిగిన రోషమే కాంగ్రెసు సభ్యుడగు జెరాల్డ్ ఫోర్డు విచారణ కోరువరకు పోయినది.

పిదప 1972లో ప్రకటించిన గ్రంథమున హైనెక్, ప్రతి కథనమును వింతదనముచేతను, విశ్వసనీయతచేతను వేర్వేరుగా తూచవలెననియు, ఒంటరి సాక్షి యెంతటి గౌరవనీయుడైనను విశ్వసనీయతయందు ఉన్నతస్థానమీయరాదనియు నియమము చేసెను. ఆ వంకయొద్ద జమోరా ఒంటరివాడే.