చందమామ దాకా ఒక ల్యాన్ వైరు

2023 ఆగస్టు 23, బుధవారం, సాయంత్రం నాలుగుంబావు. పలాస నుంచి వజ్రపుకొత్తూరు పోయే దారిలో, జీడితోటలు పలచబడి కొబ్బరి చిక్కనయ్యే చోట ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. లాంగ్‌బెల్ కొట్టేశారు. మామూలుగా అయితే ఈపాటికి సైకిళ్లన్నీ ఇళ్లకు చేరి ఉండాలి. ఇవాళ ఒక్కటీ స్టాండు దిగలేదు. తొమ్మిది, పది తరగతులవాళ్లు ముగ్గురి బెంచీలో ఐదుగురు చొప్పున సర్దుకున్నారు. ఏడో తరగతి గుంటలు బయట కిటికీ ఊచలు పట్టుకొని వేలాడుతున్నారు. వెనక బెంచీ చివర జానెడు చోటుంది, కూర్చోండి. చొక్కా వీపుకు అంటుకుంటే ఏమీ అనుకోకండి. శ్రావణం ఉక్క, పైగా సముద్రం పక్కన.

గోడకు నాడు-నేడు బడుల బాగు పథకంలో వచ్చిన ఐఎఫ్‌పీ ప్యానెల్, అంటే తాకితే పనిచేసే పెద్ద తెర. దాని ముందు సైన్సు మాస్టారు, చేతిలో రిమోటు, నుదుట చెమట. చంద్రయాన్-3లోని విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగే వేళ 6.04. దిగుడు మొదలయ్యేది 5.44కి. ఇస్రో ప్రసారం 5.20 నుంచే ఉంది. పిల్లలకు ప్రత్యక్షంగా చూపించమని పైనుంచి మాట వచ్చింది. పైనుంచి మాట రావడం వేరు, నెట్ రావడం వేరు.

వైఫై గీతలు నిండుగా ఉన్నాయి. యూట్యూబ్ మాత్రం తెరుచుకోవడం లేదు. బ్రౌజర్‌లో ఇస్రో సైటు కొడితే ఈ కనెక్షన్ సురక్షితం కాదని ఎర్ర అక్షరాలు. మాస్టారు స్విచ్ ఆపి మళ్లీ వేశారు. అవే ఎర్ర అక్షరాలు.

“నెట్ నేదు సార్” అని మూడో బెంచీ కుర్రాడు తీర్పు చెప్పేశాడు.

మన బళ్లలో ఈ ఒక్క మాట కింద నాలుగైదు వేరువేరు జబ్బులు దాక్కుంటాయి. అన్నిటికీ ఒకటే మందు వేస్తాం: ఆపి, వేయడం. అది పనిచేసిన రోజున ఎందుకు పనిచేసిందో తెలియదు, పనిచేయని రోజున సెలవే.

ముందు బెంచీలో పదో తరగతి అమ్మాయి లేచి నిలబడింది. “మాస్టారూ, ఆ మూల డేటు సూడండి. 2019 అని ఉంది.”

ఉంది. ప్యానెల్‌లో తేదీని తనంతట తాను సరిచేసుకునే సెట్టింగు ఎవరో ఆపేశారు. కరెంటు పోయి వచ్చిన ఏదో ఒక రోజున గడియారం మొదటికి వెళ్లిపోయింది. నెట్‌లో ప్రతి సైటుకూ ఒక ధ్రువపత్రం ఉంటుంది, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకానే చెల్లుబాటు. 2019లో ఉన్న ప్యానెల్‌కు 2023లో ఇచ్చిన పత్రం చూపిస్తే, ఇది ఇంకా పుట్టలేదు పొమ్మంటుంది. నెట్ నిక్షేపంగా ఉంది, కాలం తప్పింది, అంతే. మాస్టారు తేదీ, టైము కొట్టి, ఆటోమేటిక్ అన్నచోట ఆన్ చేశారు. యూట్యూబ్ తెరుచుకుంది. గదిలో ఈల.

ఈల పూర్తి కాకముందే తెర మధ్యలో తెల్ల చక్రం తిరగడం మొదలెట్టింది. బొమ్మ రెండు సెకన్లు కదిలి ఆగుతోంది, అదీ మసక మసగ్గా. మూలన పళ్లచక్రం గుర్తు నొక్కితే సంగతి తెలిసింది: ఆటో అని ఉంది, 144కి పడిపోయింది.

రౌటరు హెచ్చెమ్ గారి గదిలో ఉంది. దానికీ ఈ ప్యానెల్‌కూ మధ్యన రెండు ఇటుక గోడలు, రిజిస్టర్లతో నిండిన ఇనప బీరువా. గీతలు నాలుగూ కనబడితే చాలనుకుంటాం గానీ, ఆ గీతలు చెప్పేది రౌటరు ఎంత గట్టిగా పిలుస్తోందో మాత్రమే; ఆ పిలుపులో ఎంతమందికి వాటా ఉందో చెప్పవు. ఇక్కడ వాటాదార్లు స్టాఫ్‌రూమ్‌లో ఉన్నారు. టీచర్ల ఫోన్లన్నీ అదే వైఫైలో. మధ్యాహ్న భోజనం ఫొటో, మరుగుదొడ్ల ఫొటో, హాజరు ఫొటో. మన రాష్ట్రంలో మాస్టారి ఫోను చాక్‌పీసు కంటే ఎక్కువ పనిచేస్తుంది. పొద్దున ఎక్కకుండా మిగిలిపోయినవన్నీ ఇప్పుడు మెల్లగా పైకి పాకుతున్నాయి.

“అందరూ వైఫై తీసేయండమ్మా, గంటసేపు” అని హెచ్చెమ్ గారే స్వయంగా వరండాలో నడుచుకుంటూ చెప్పారు. కొంచెం మెరుగైంది. చాలలేదు.

లెక్క పెద్దదేమీ కాదు. యూట్యూబ్‌లో 480 నాణ్యతకు 1.1 ఎంబీపీఎస్ చాలు, 720కి రెండున్నర, 1080కి ఐదు. గది వెనక కూర్చున్నవాడికి తెర మీది అంకెలు చదవగలిగేటట్టు ఉండాలంటే 480 కిందకు పోకూడదు. బొమ్మ మెరవక్కర్లేదు, ఆగకూడదు. తరగతి గదిలో ఇదొక్కటే సూత్రమని నా పట్టు. ఇంట్లో సినిమా ఆగితే లేచి మంచినీళ్లు తాగొస్తాం. అరవైమంది పిల్లల ముందు పది సెకన్లు ఆగితే ఆ గదిని మళ్లీ కూడదీయడానికి పది నిమిషాలు.

మాస్టారు వైఫై మీద ఆశ వదిలేశారు. “ఒరే, బీరువా వెనక ల్యాన్ వైరు చుట్ట ఉండాల, పట్రండి!”

ఇద్దరు పరుగెత్తారు. నీలం వైరు చుట్ట వచ్చింది. ఒక కొస రౌటరులో, రెండో కొస వరండా మీదుగా, కిటికీలోంచి, వేలాడుతున్న గుంటల చేతుల మీదుగా ప్యానెల్ వెనక్కి. వైరు ఉన్నచోట గోడల గొడవ లేదు. వంద మీటర్ల దాకా నిశ్చింత. గుచ్చారు. పక్కన వెలగాల్సిన పచ్చ చుక్క వెలగలేదు.

ఆ ప్లగ్గును మాస్టారు వెలుగులోకి ఎత్తి పట్టుకున్నారు. దగ్గరగా చూడండి. వేలిగోరంత ప్లాస్టిక్ గడ్డ, దాని అంచున సన్నటి గాళ్లలో ఎనిమిది లోహపు రేకులు. కొత్తలో బంగారు రంగులో ఉంటాయి, పైపూత బంగారమే, కానీ పొర మహా పలచన. ఈ ఉద్దానం ప్రాంతపు ఉప్పు గాలికి ఆ పొర ఎన్నాళ్లు ఆగుతుంది? మూడు రేకులు నల్లబడ్డాయి, రెండింటి మీద ఆకుపచ్చటి బూజులాంటిది పట్టింది. లోపలికి తోశాక టిక్కుమని పట్టుకునే బుల్లి నాలిక కూడా విరిగిపోయి ఉంది.

“ఇదేం పాఠంరా?” అన్నారు మాస్టారు, అంత హడావిడిలోనూ.

“లోహక్షయం సార్!” గది మొత్తం.

“రబ్బరుందా ఎవరి దగ్గరైనా?”

పది రబ్బర్లు లేచాయి. ఒకదాన్ని బ్లేడుతో కోణంగా కోసి, ఆ మొనతో ఒక్కొక్క రేకునూ రుద్దారు. నలుపు రబ్బరుకు ఎక్కింది. పొడి ఊదేసి, ప్లగ్గు గుచ్చి, విరిగిన నాలిక బదులు మడిచిన కాగితం దోపారు. పచ్చ చుక్క వెలిగింది. తెర మీద బెంగళూరు కంట్రోల్ రూమ్ గాజులా తేటగా నిలబడింది. టైము 5.25. పడమటి కిటికీ ఎండ నేరుగా తెర మీద పడుతోంది. ఆఫీసు గది దుప్పటి తెచ్చి కట్టారు. మాట వినపడలేదు, ఫ్యాన్లు ఆపారు, వినపడింది. ఉక్క సంగతి ఇక ఎవరికీ గుర్తులేదు.

5.32కి తెర మళ్లీ ఆగింది.

ఈసారి హెచ్చెమ్ గారి గదిలో ఫైబర్ పెట్టె మీద ఎల్‌వోఎస్ అన్నచోట ఎర్ర దీపం టపటపా కొట్టుకుంటోంది. ఇది వేరే జబ్బు. వెంట్రుకంత గాజు పోగులోంచి రావలసిన వెలుగు రావడం లేదని దాని అర్థం. పెట్టెను ఎన్నిసార్లు ఆపి వేసినా వెలుగు పుట్టదు. మాస్టారు లైనుమనిషికి ఫోన్ చేశారు, స్పీకరు పెట్టారు.

“కొబ్బరి మట్ట పడిపోనాది మాస్టారూ, పోలు దగ్గర. అతుకెయ్యాల. బేగి వచ్చినా ఏడున్నరౌద్ది.”

అతని తప్పేమీ లేదు. ఇక్కడ ఫైబర్ చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగానే నడుస్తుంది, ఆ స్తంభాలు కొబ్బరితోటల మధ్య నడుస్తాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటింది ఈ వజ్రపుకొత్తూరు మండలంలోనే, పల్లిసారథి దగ్గర. ఆ రోజు వేలకొద్దీ స్తంభాలు ఒరిగిపోయాయి. అది చూసినవాళ్లకు ఒక మట్ట ఏపాటిది?

పిల్లల్లో గుసగుస మొదలైంది. మాస్టారి పనితనం ఇక్కడ చూడాలి. ఆయన మాట్లాడకుండా జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి ప్యానెల్‌కు గుచ్చారు. నిన్న రాత్రి కాశీబుగ్గలో తన ఇంట్లో దింపుకొన్న వీడియో: జులై 14న మధ్యాహ్నం 2.35కి శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 ఎగిరిన దృశ్యం. అదీ హెచ్.264లో ఉన్న ఫైలే. హెచ్.265 తెస్తే ఈ ప్యానెల్ మాట వినిపించి బొమ్మ చూపదని ఆయనకు ముందే తెలుసు. రాకెట్ లేస్తోంది, గది కుదురుగా ఉంది, ఆయన వెనక్కి తిరిగి తన ఫోన్‌తో కుస్తీ పడుతున్నారు.

అసలు మామూలు పాఠాలకు నెట్ మీద నేరుగా చూపించాలన్న పట్టుదలే అనవసరం. దీక్షా యాప్‌లో పాఠం దింపి పెట్టుకోవచ్చు, పెన్‌డ్రైవ్‌లో పదోసారి వేసినా మొదటిసారి లాగే నడుస్తుంది. ప్రత్యక్షంగా చూడాల్సినవి ఏడాదికి ఒకటో రెండో. ఇది వాటిలో ఒకటి.

ఈ తిప్పలు మనతో మొదలైనవీ కావు. 1975 ఆగస్టు 1న ‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం మొదలైనప్పుడు ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 నుంచి నేరుగా టీవీ కార్యక్రమాలు వచ్చాయి, పొద్దుట బడి పిల్లలకు తెలుగులో కూడా. ఇనప వల అల్లిన పదడుగుల గొడుగుల్లాంటి యాంటెనాలు పెట్టారు. ఏడాది తిరిగేసరికి ఉపగ్రహాన్ని అమెరికావాళ్లు తీసుకుపోయారు. మన దగ్గర ఇప్పుడు ఉపగ్రహం సొంతం, ప్యానెల్ సొంతం, పడిపోయిన మట్ట కూడా సొంతమే.

ఫోను హాట్‌స్పాట్ ఆన్ అయింది. ప్యానెల్ జాబితాలో దాని పేరే లేదు. పదో తరగతి అమ్మాయి మళ్లీ లేచింది. “5 గిగాహెర్ట్జ్‌లో ఉందేమో మాస్టారూ. మా అన్న ఫోన్లో కూడా అలగే అయితాది.” అదే. ఫోను వేగం ఎక్కువని ఆ బ్యాండు ఎంచుకుంది, ప్యానెల్‌కు తెలిసింది 2.4 మాత్రమే. మార్చారు, పేరు కనిపించింది. ఫోనును టవరు వైపు కిటికీ గట్టు మీద పెట్టి, ఒక గుంటడిని కాపలా ఉంచారు. నాణ్యతను ఆటోలో వదలకుండా 480 దగ్గర బిగించేశారు. గంటకు అర జీబీ. రోజు ప్యాక్‌లో ఇంకా ఒకటింపావు ఉంది.

5.43.

ముప్పై కిలోమీటర్ల ఎత్తు. సెకనుకు 1.68 కిలోమీటర్ల వేగం. తెర మీద గీత వంగుతోంది. మాస్టారు ఒక్క మాట కూడా వివరించడం లేదు, చేతులు కట్టుకొని నిలబడ్డారు. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 రెండు కిలోమీటర్ల ఎత్తున మూగబోయిన రాత్రి ఈ పదో తరగతి వాళ్లు ఆరులో ఉన్నారు. ఆ సంగతి ఎవరూ ఎత్తడం లేదు. కిటికీ దగ్గర కాపలా గుంటడు ఫోనుకు ఊపిరి తగులుతుందేమో అన్నట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు. 800 మీటర్లు. 150 మీటర్లు. అక్కడ ల్యాండర్ గాలిలేని చోట నిలబడి చోటు వెతుక్కుంటోంది.

అప్పుడు రోడ్డవతల టీ కొట్టులోంచి పెద్ద కేక. ఆ వెనకే చప్పట్లు, ఎవరో టపాకాయ కాల్చారు.

“దిగిపోనాదంట సార్!” కిటికీ బయటి గుంటలు గెంతుతున్నారు. గదిలో తెర మీద అది ఇంకా దిగనే లేదు.

టీ కొట్టులో ఉన్నది డిష్ టీవీ. దూరదర్శన్ ఉపగ్రహం మీదుగా కొద్ది సెకన్ల తేడాతో వచ్చేస్తుంది. నెట్‌లో ప్రసారం అలా రాదు. వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ పంపిస్తారు. కుళాయి సన్నగా వచ్చే ఊళ్లో ముందు గోళెం నింపుకొని తర్వాత వాడుకున్నట్టు, మన ప్యానెల్ కొన్ని ముక్కలు పోగేసుకున్నాకే చూపిస్తుంది. ఆ నిల్వ ఉండబట్టే కిటికీ గట్టు మీది ఫోను సిగ్నల్ ఊగిసలాడినా బొమ్మ ఆగలేదు. ఆ సాయంత్రం ఇస్రో యూట్యూబ్ ప్రసారాన్ని ఒకే సమయంలో 80 లక్షల పైచిలుకు మంది చూశారు. చంద్రుడి నుంచి భూమికి సంకేతం రావడానికి సెకనున్నర కూడా పట్టదు. బెంగళూరు నుంచి ఈ గదికి రావడానికి అర నిమిషం పట్టింది.

“అల్లరి చేయకండి, మనదింకా దిగలేదు” అన్నారు మాస్టారు. అరవైమందీ నిజంగానే ఆగారు. ఫలితం తెలిసిపోయింది, అయినా ఎవరూ కళ్లు తిప్పలేదు. తర్వాత తెర మీది వాళ్లు లేచి చప్పట్లు కొట్టారు, జొహానెస్‌బర్గ్ నుంచి చూస్తున్న ప్రధాని చిన్న జెండా ఊపారు, ఈ గదిలో బెంచీలు విరిగేంత పని అయింది.

ఆగస్టు 23ను కేంద్రం జాతీయ అంతరిక్ష దినోత్సవంగా ప్రకటించింది, ఏటా బళ్లలో ఆ రోజు ప్యానెళ్లు వేస్తారు. మాస్టార్లకు ఒక మనవి: 22వ తేదీ సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక, అదే గదిలో, అదే వైరుతో, అదే ఫోనుతో ఒకసారి మొత్తం నడిపి చూడండి. వీలైతే తేదీ తప్పు కనిపెట్టిన ఆ అమ్మాయిలాంటి పిల్లనొకర్ని ఆ పావుగంట ఉండిపొమ్మనండి.