ఏలినవారి పరామర్శ

పెండ్లికి పిలిచినచో పోవలెను, చావునకు పిలువకున్నను పోవలెను అని మన పల్లెలలో పెద్దలు చెప్పుదురు. ఏండ్ల తరబడి మాటలు లేని దాయాదులు సైతము చావు వచ్చిన యింటి గడప త్రొక్కుదురు. పోయి వారు చేయు ఘనకార్యమేమియు లేదు. అరుగుమీద కొంతసేపు కూర్చుండి, ఎట్లు జరిగినదని యడిగి, లేచి వచ్చెదరు. దీనినే మనము పరామర్శ యనుచున్నాము. ఆ పూట రానివానిని మాత్రము ఆ యింటివారు తరమంతయు మఱవరు.

బంధువులకు చెల్లు ఈ ధర్మము ఏలినవారికిని చెల్లునా? ఒక ఊరిని ఘోర విపత్తు ముంచినప్పుడు ప్రభువులు, ప్రధానులు అచ్చటికి పోయి కన్నీరు తుడువవలెనా? లేక తమ కార్యస్థానమున నుండి, జరుగవలసిన పనులు జరిపించుటయే వారి విధియా? కన్నీటితో కూలిన కప్పు లేవదనియు, పెద్దలు వచ్చినచో భటులు వారి వెంట తిరుగుటయే గాని శిథిలములు త్రవ్వు పని సాగదనియు వాదించువారు కలరు. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. చరిత్రలోని రెండు ఘట్టములను గీటురాళ్ళుగా పెట్టి చూతము.

మొదటిది రష్యాలో జరిగినది. 1896 మే నెలలో జార్ చక్రవర్తి రెండవ నికొలాస్‌కు మాస్కోలో పట్టాభిషేకమయ్యెను. నాలుగు దినముల తరువాత, మే 30వ తేదీన, నగరము వెలుపలి ఖొదీంకా మైదానమున ప్రజలకు కానుకలు పంచుటకు ఏర్పాటు చేసిరి. రొట్టె, మాంసపు ముక్క, కొంత మిఠాయి, పట్టాభిషేక చిహ్నముతో ఎనామెలు పూసిన గిన్నె, ఇవి ఆ కానుకలు. వీనికై ముందు రాత్రినుండియే లక్షలాది జనులు చేరిరి. ఆ మైదానము సైన్యము కవాతు చేయు స్థలమగుటచే గోతులతోను కందకములతోను నిండి యుండెను. కానుకలు అందఱకు చాలవను వదంతి తెల్లవారుజామున పుట్టెను. జనము ఒక్కుమ్మడిగా కదలెను. ముందువారు గోతులలో పడిరి. వెనుకవారు వారిపై పడిరి. ప్రభుత్వపు లెక్క ప్రకారమే 1,389 మంది ప్రాణములు విడిచిరి.

ఆనాటి రాత్రి ఫ్రెంచి రాయబారి ఇంట విందును, నృత్యమును జరుగవలసి యుండెను. రష్యాకు ఫ్రాన్సుతో అప్పటికి కొలది కాలము క్రిందటనే మైత్రి కుదిరినది. పోకున్నచో మిత్రదేశము నొచ్చుకొనునని చక్రవర్తి పినతండ్రులు పట్టుబట్టిరి. చక్రవర్తి పోయెను, నృత్యమున పాల్గొనెను. మఱునాడు ఆయనయు రాణియు వైద్యశాలలకు పోయి గాయపడినవారిని చూచిరి. మృతుల కుటుంబములకు వేయేసి రూబుళ్ళు ఈయవలసినదని ఉత్తరువు చేసిరి. ఆ రోజులలో అది చిన్న మొత్తము కాదు. ఐనను జనులకు గుర్తు నిలిచినది ఆ రూబుళ్ళు కావు, ఆ రాత్రి నృత్యము. నగర రక్షకాధికారిని పదవినుండి తొలగించిరి. మాస్కోకు గవర్నరు జనరలుగా నున్న చక్రవర్తి పినతండ్రి సెర్గేయి పదవి మాత్రము చెక్కు చెదరలేదు.

1917లో ఆ సింహాసనము కూలుటకు కారణములు అనేకములు. ఒక్క నృత్యముచేత సామ్రాజ్యములు కూలవు. కాని, ప్రభువునకు మన చావు పట్టలేదను మాట ఒకసారి జనుల మనస్సున పడినచో, దానిని తుడిచివేయుట ఏ ఉత్తరువునకును సాధ్యము గాదు.

రష్యా ప్రభువు ధనమిచ్చెను గాని ఆ రాత్రి ప్రజల దుఃఖమున పాలు పంచుకొనలేదు. రెండవ ఘట్టము దీనికి తలక్రిందులు. ఇది బ్రిటనులో, దక్షిణ వేల్సు బొగ్గుగనుల ప్రాంతమున జరిగినది. అచ్చట ఏబర్‌ఫాన్ అను పల్లె కలదు. గనినుండి తీసిన వ్యర్థపు మట్టిని పల్లెకు ఎగువనున్న కొండపై ఏండ్ల తరబడి గుట్టలుగా పోయుచుండిరి. వానిలో ఏడవ గుట్టను నీటి ఊటలపై పోసిరి. 1966 అక్టోబరు 21, శుక్రవారము ఉదయము తొమ్మిదింబావు వేళ ఆ గుట్ట జారి, బురద యేఱై వచ్చి, పల్లెలోని బడిమీదను చుట్టుపట్ల ఇండ్లమీదను పడెను. 144 మంది చనిపోయిరి. వారిలో 116 మంది పిల్లలు.

ప్రధానమంత్రి హెరాల్డ్ విల్సన్ ఆ రాత్రికే అచ్చటికి చేరెను. మఱునాడు రాణి భర్త ఫిలిప్ వచ్చెను. ఎలిజబెత్ రాణి ఎనిమిది దినములు గడచిన తరువాత 29వ తేదీన వచ్చెను. తాను పోయినచో మట్టి త్రవ్వువారి పనికి అడ్డమగునని ఆమె జంకినట్లు చెప్పుదురు. మనము పైన చెప్పుకొన్న వాదమే ఇది. ఆలస్యమునకు ఆమె తరువాత నొచ్చుకొనెనని కొలువులోనివారు చెప్పిరి. ఆమె మఱల 1973, 1997, 2012 సంవత్సరములలో ఆ పల్లెకు వెళ్ళెను. ఆ గనులు ఎవరి యాజమాన్యమున నుండెనో ఆ జాతీయ బొగ్గు బోర్డు అధ్యక్షుడు రాబెన్స్ ప్రభువు మాత్రము, ఒక విశ్వవిద్యాలయమున ఛాన్సలరు పదవిని స్వీకరించు ఉత్సవమునకు పోయి, మఱునాటి సాయంకాలమునకు గాని ఏబర్‌ఫాన్ చేరలేదు.

రాబెన్స్ మాట అట్లుంచినచో, ఇచ్చట పరామర్శకు లోపము లేదు. మఱి తరువాత నేమి జరిగెను? న్యాయమూర్తి ఎడ్మండ్ డేవిస్ అధ్యక్షతన విచారణ సంఘము 76 దినములు కూర్చుండి, 136 మంది సాక్ష్యము విని, 1967 ఆగస్టులో నివేదికను వెలువరించెను. దోషము బొగ్గు బోర్డుదే యని నిష్కర్షగా తేల్చెను. కాని ఒక్కరిపైనను అభియోగము నడువలేదు. ఒక్కరి ఉద్యోగమును పోలేదు. రాబెన్స్ రాజీనామా ఇయ్యజూపగా ప్రభుత్వము స్వీకరింపలేదు. చనిపోయిన ఒక్కొక్క బిడ్డకు బోర్డు ఇచ్చినది 500 పౌండ్లు.

మిగిలిన గుట్టలను తొలగింపుడని తల్లిదండ్రులు మొఱపెట్టిరి. అవి అపాయకరములు కావని అధికారులు చెప్పిరి. ఆ గుట్టల నీడలో ఆ తల్లులకు నిదుర యెట్లు పట్టును? ఊరివారు కార్డిఫ్ నగరములోని ప్రభుత్వ కార్యాలయమునకు పోయి, ఆ బురదనే తెచ్చి అచ్చట పోసిరి. అప్పటికి గాని ప్రభుత్వము ఒప్పుకొనలేదు. ఒప్పుకొనియు, ఆ ఖర్చులో 1,50,000 పౌండ్లను బాధితులకై లోకము పంపిన సహాయనిధినుండియే తీసికొనెను. విపత్తు నాటి రాత్రి పరుగున వచ్చిన ప్రధాని ప్రభుత్వమే 1968లో ఈ పని చేసినది. ఆ సొమ్ము వడ్డీ లేకుండ 1997లో తిరిగి వచ్చెను. 2007లో వేల్సు ప్రభుత్వము ఆ పల్లె స్మారకసంస్థకు మఱి 15 లక్షల పౌండ్లు ఇచ్చి కొంత సరిదిద్దినది.

కావున పాలకులు పరామర్శకు పోవుట వ్యర్థమని తీర్మానింపవచ్చునా? మేము అట్లు తలంపము. ఆప్తులను పోగొట్టుకొన్నవానిని చావుకంటె ఎక్కువగా బాధించు సంశయమొకటి కలదు: మావారి ప్రాణమునకు లోకమున విలువయున్నదా యని. పాలకుని రాక దానికి మొదటి సమాధానము. ఖొదీంకా ప్రజలకు సమయమున ఆ సమాధానము దొరకలేదు. ఏబర్‌ఫాన్ ప్రజలకు దొరకినది గాని, రెండేండ్లు తిరుగకముందే ఆ మాట వట్టిదైపోయినది. బంధువునకును పాలకునికిని ఇచ్చటనే భేదము. బంధువు ఓదార్చి పోయినచో అతని ఋణము తీఱును. గనులు, వంతెనలు, ఉత్సవములు పాలకుని చేతిలోనివి. కావున అతని ఋణము ఓదార్పుతో మొదలగును.

ఈ ఋణమును ఎఱిగిన ఒక మంత్రి మన దేశమునను కలడు. 1956 సెప్టెంబరులో తెలుగునేలపై, మహబూబునగరము దగ్గఱ వంతెన కూలి, రైలులోని వందమందికి పైగా మరణించిరి. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఈయగా ప్రధాని నెహ్రూ అంగీకరింపలేదు. నవంబరులో మదరాసు రాష్ట్రపు అరియలూరు దగ్గఱ మఱల ఘోర ప్రమాదము జరిగెను. శాస్త్రి మఱల రాజీనామా ఇచ్చెను. దోషము శాస్త్రిదని కాదు, రాజ్యాంగ మర్యాదకు ఒరవడిగా నుండునని దీనిని అంగీకరించుచున్నానని నెహ్రూ పార్లమెంటులో చెప్పెను. రాజీనామాతో వంతెనలు బాగుపడవు, నిజమే. కాని ఈ చావులు నా లెక్కలోనివి యని ఒక మంత్రి ఒప్పుకొనెను.

తెలుగున విచారమనగా దుఃఖము. సంస్కృతమున ఆ మాటకు పరిశీలించుట యని అర్థము. పరామర్శకును ఓదార్పు, పరిశీలన యని అట్లే రెండర్థములు కలవు. ఏలినవారికి ఈ రెండర్థములును కావలెను. విచారము లేని విచారణ జనులకు కరకుగా తోచును. విచారణ లేని విచారము వారిని మోసగించును. కనుక పాలకుని కన్నీటిని మొదటి దినమున మన్నింతము. అది నిజమా కాదా యని తేల్చుకొనుటకు మాత్రము నివేదిక వెలువడిన మఱునాటివఱకు వేచియుందము.