గుడిసన్ పార్క్‌కు పోటెత్తిన జనం

1920 బాక్సింగ్ డే సెలవునాడు లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో డిక్, కెర్ లేడీస్, సెయింట్ హెలెన్స్ లేడీస్ అనే రెండు మహిళల ఫుట్‌బాల్ జట్లు తలపడ్డాయి. ఉపాధి లేని, యుద్ధంలో అవయవాలు పోగొట్టుకున్న మాజీ సైనికుల కోసం పెట్టిన ఆట అది. చూడడానికి 53,000 మంది వచ్చారు. చోటు చాలక వేలమంది గేటు దగ్గరి నుంచే వెనుదిరిగారు.

డిక్, కెర్ లేడీస్ జట్టు మూలాలు ప్రెస్టన్‌లోని ఒక కర్మాగారంలో ఉన్నాయి. ట్రాములకు, రైళ్లకు సామగ్రి తయారుచేసే డిక్, కెర్ సంస్థ మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండ్ల తయారీకి మళ్లింది. మగవాళ్లు యుద్ధానికి వెళ్లడంతో ఆ పని ఆడవాళ్ల చేతికొచ్చింది. విరామ వేళల్లో వాళ్లు సరదాగా ఆడుకున్న ఫుట్‌బాల్‌ను చూసి, ఆఫీసులో పనిచేసే ఆల్‌ఫ్రెడ్ ఫ్రాంక్‌లాండ్ జట్టు నిర్వహణ భుజాన వేసుకున్నాడు. 1917 క్రిస్మస్ నాడు డీప్‌డేల్ మైదానంలో తొలి ఆట. కౌల్తర్డ్ ఫౌండ్రీ జట్టుపై 4-0తో గెలిచారు. గాయపడిన సైనికుల ఆసుపత్రికి 200 పౌండ్లకు పైగా అందింది. పురుషుల లీగ్ 1915లోనే ఆగిపోయింది కాబట్టి మైదానాలు ఖాళీగానే ఉన్నాయి.

యుద్ధం ముగిశాక ఈ ఆట సద్దుమణగాల్సింది. సద్దుమణగలేదు. ఇంటికి తిరిగొచ్చిన సైనికులకు పనులు దొరకలేదు, విరాళాల అవసరం ఇంకా పెరిగింది. 1920లో ఫ్రాన్స్ మహిళల జట్టు ఇంగ్లండ్‌కు వచ్చి ఆడింది. అదే డిసెంబరులో డీప్‌డేల్‌లో రాత్రిపూట ఆట పెట్టారు. విమానాలను పసిగట్టే సెర్చ్‌లైట్లను వాడుకోవడానికి యుద్ధ మంత్రి విన్‌స్టన్ చర్చిల్ అనుమతి ఇచ్చాడు. చీకట్లో కనిపించేలా బంతులకు తెల్లసున్నం పూశారు. పదిహేనేళ్ల లిలీ పార్ అప్పటికే డిక్, కెర్ జట్టులో ఉంది. ఆమె వచ్చింది గుడిసన్ పార్క్ ప్రత్యర్థుల ఊరైన సెయింట్ హెలెన్స్ నుంచే!

గుడిసన్ పార్క్‌లో ఆట రోజున ప్రధాన ఫార్వర్డ్ ఫ్లోరీ రెడ్‌ఫర్డ్ రైలు అందుకోలేకపోయింది. తొలి సగంలో జెన్నీ హారిస్ ఒక గోల్ కొట్టింది. రెండో సగంలో డిఫెండరైన కెప్టెన్ ఆలిస్ కెల్ ముందుకొచ్చి హ్యాట్రిక్ సాధించింది. 4-0తో గెలుపు, 3,115 పౌండ్ల వసూలు.

ఏడాది తిరగకముందే, 1921 డిసెంబరు 5న, ఫుట్‌బాల్ అసోసియేషన్ తన సభ్య క్లబ్బుల మైదానాలను మహిళలకు ఇవ్వకూడదని తీర్మానించింది. ఈ ఆట స్త్రీలకు తగదన్నది ఒక కారణం. వసూళ్లలో ఖర్చులకు పోయేదే ఎక్కువ, దానధర్మాలకు అందేది తక్కువ అన్నది రెండోది. ఏ విరాళాల పేరుతో మైదానాలు తెరుచుకున్నాయో, ఆ లెక్కలే సాకుగా వాటిని మూసేశారు. ఆ నిషేధం తొలగేసరికి 1971 వచ్చింది.