నెమ్మదించిన మెరుపు

హైదరాబాద్‌లో చంపాపేట నుంచి కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడి వైపు వస్తుంటే దారి పొడవునా ఫంక్షన్ హాళ్లే. పగటి ముహూర్తమైతే తాళి కట్టాక పంతులుగారు కొత్తజంటను ఆరుబయటికి నడిపించి అరుంధతీ నక్షత్రాన్ని చూడమంటారు. నడినెత్తిన సూర్యుడు. పట్టపగలు చుక్కెక్కడ కనబడుతుంది? ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వేస్తారు. ఫోటోగ్రాఫర్‌కు కావలసింది ఆ నవ్వే. కానీ బాసికం నీడ నుదుటి మీద, కనుబొమల నీడ కళ్ల మీద పడి ఉంటుంది. వెనకేమో పార్కింగులో కార్లు. అవి మసకబారాలి, కళ్లలోకి వెలుగు రావాలి. అందుకే మండుటెండలో కూడా ఫ్లాష్ పట్టుకుని, దాని మీద హెచ్‌ఎస్‌ఎస్ నొక్కుతాడు. హై స్పీడ్ సింక్ అన్నమాట.

ఎందుకు నొక్కాలో చిన్న లెక్క చెబుతుంది. ఐఎస్ఓ 100 దగ్గర నిండు ఎండకు ఎపర్చర్ ఎఫ్/16 పెడితే షట్టర్ 1/125 సెకను చాలు. వెనక కార్లు మసకబారాలంటే ఎఫ్/2.8 దాకా తెరవాలి. అది ఐదు స్టాపులు, అంటే 32 రెట్ల వెలుగు. దానికి సరిపడా షట్టర్‌ను 1/4000కు తగ్గించాలి. చాలా కెమెరాల్లో మామూలు ఫ్లాష్ 1/200, 1/250 దాటితే పనిచేయదు. దాటిస్తే ఫోటోలో కొంత భాగానికి ఫ్లాష్ అందక నల్ల పట్టీ పడుతుంది.

తొలినాళ్లలో ఈ తంటా లేదు, ఎందుకంటే షట్టరుకూ మెరుపుకూ పొత్తే లేదు. 1851లో ఫాక్స్ టాల్బట్ లండన్‌లో తిరుగుతున్న చక్రానికి వార్తాపత్రిక కాగితం అంటించి, విద్యుత్ నిప్పురవ్వ వెలుగులో దాన్ని నిశ్చలంగా ఫోటో తీశాడు. 1887లో జర్మనీలో మీథె, గేడికె అనే ఇద్దరు మెగ్నీషియం కలిపిన ఫ్లాష్ పొడి తయారుచేశారు. లెన్సు మూత తీయడం, పొడి అంటించడం, మూత పెట్టడం, అంతే. నిజాం దర్బారు ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపింది ఆ రోజుల్లోనే. ఆయన వెలుగు అంచనాలు ప్రధానంగా సూర్యుణ్ణి నమ్ముకున్నవే.

చిక్కు తెచ్చింది ఫోకల్ ప్లేన్ షట్టర్. 1925లో మార్కెట్లోకి వచ్చిన లైకా దాన్ని చిన్న కెమెరాలోకి తెచ్చింది. ఫిల్ముకు ముందు రెండు తెరలు ఉంటాయి. మొదటిది తెరుచుకుంటూ పోతే రెండోది మూసుకుంటూ వెంటబడుతుంది. షట్టర్ వేగం పెంచితే తెరలు వేగంగా కదులుతాయనుకుంటాం. కదలవు. వాటి మధ్య సందు మాత్రమే సన్నబడుతుంది. 1/250 సెకనులో తెర ఫ్రేము దాటే కెమెరాలో 1/4000 పెడితే ఆ సందు దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు. ఫ్లాష్ ఒక్కసారి ఠక్కున మెరిసి ఆరిపోతే ఆ సందు మేరకే వెలుగు పడుతుంది.

1930 ప్రాంతంలో వచ్చిన గాజు బల్బులతో ఈ చిక్కుకు విరుగుడు దొరికింది. ఎఫ్‌పీ (ఫోకల్ ప్లేన్) రకం బల్బు పటాకాలా పేలేది కాదు, చిచ్చుబుడ్డిలా తెర దాటేంతసేపూ నిలకడగా వెలిగేది. ఒక్క ఫోటోకు ఒక్క బల్బు, ఆ తర్వాత చెత్తబుట్టే. ఖర్చు సరే, చేతులు కాలేవి కూడా. 1931లో ఎంఐటీలో హెరాల్డ్ ఎడ్జర్టన్ ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌ను పట్టాలెక్కించాక బల్బులు మెల్లగా మూలబడ్డాయి. కొత్త ఫ్లాష్ ఎన్ని వేలసార్లైనా మెరుస్తుంది. కాకపోతే మరీ క్షణికం. బల్బుతో పాటు ఆ నిలకడ కూడా పోయింది.

ఆ తర్వాత అర్ధశతాబ్దం ఇంజినీర్లు తెరలనే పరుగెత్తించే పనిలో పడ్డారు. అడ్డంగా కదిలే గుడ్డ తెరలకు 1/60 దగ్గరే హద్దు. నిలువుగా కదిలే లోహపు తెరలతో అది 1/125 అయింది. 1983లో నికాన్ ఎఫ్ఈ2 దాన్ని 1/250 చేసింది. హాసెల్‌బ్లాడ్ 1957లోనే లెన్సులో షట్టర్ పెట్టి 1/500 దాకా ఏ వేగంలోనైనా ఫ్లాష్ వాడుకోనిచ్చింది. అయితే దాని ధర పెళ్లి ఫోటోగ్రాఫర్‌కు అందేది కాదు.

1986లో ఒలింపస్ ఎదురుదారి పట్టింది. ఓఎం-4టీఐ కెమెరాతో వచ్చిన ఎఫ్280 ఫ్లాష్, సందు ఈ చివర నుంచి ఆ చివరకు పోయేదాకా, కంటికి ఒకే వెలుగనిపించేంత త్వరత్వరగా, సన్నసన్నని మెరుపులుగా మెరిసింది. దాంతో 1/2000 దాకా ఫ్లాష్ కుదిరింది. ఎఫ్‌పీ బల్బు ఎలక్ట్రానిక్ రూపంలో మళ్లీ పుట్టిందన్నమాట. 1990లలో మినోల్టా, నికాన్, కెనాన్ ఇదే దారి పట్టాయి. ఇప్పుడు చైనా ఫ్లాష్‌ల పుణ్యాన మామూలు పెళ్లి ఫోటోగ్రాఫర్ సంచిలోనూ ఈ సౌకర్యం ఉంది.

దీంతో సూర్యుణ్ణే ఓడించవచ్చని చాలామంది నమ్మకం. నేను ఒప్పుకోను. మామూలు ఫ్లాష్‌లో షట్టర్ మారిస్తే ఎండ ఒక్కటే తగ్గుతుంది, మెరుపు తగ్గదు. హెచ్‌ఎస్‌ఎస్‌లో ఫ్లాష్ కూడా ఎండలాగే నిరంతరం కాస్తుంది కాబట్టి రెండూ కలిసే తగ్గుతాయి. పైగా సందు బయట తెరల మీద పడిన వెలుగంతా వృథా. ఎండ మీద గెలవాలంటే ఎఫ్/16, 1/250, పూర్తి బలంతో ఒక్క మెరుపు. అదే మేలు. హెచ్‌ఎస్‌ఎస్ కొనిచ్చేది వెనక మసక మాత్రమే. లెన్సు ముందు బిగించి వెలుగు తగ్గించే నాలుగు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ కూడా ఆ మసక ఇస్తుంది, ఫ్లాష్ బలం చెదరకుండా. కాకపోతే అద్దాల కెమెరాలో వ్యూఫైండర్ చీకటిమయం, ఫోకస్ కష్టం. పెళ్లిలో నవ్వు ఆగి ఎదురుచూడదు గనుక ఫిల్టర్ బిగించే తీరిక ఎవరికుంది? అందుకే హెచ్‌ఎస్‌ఎస్‌తోనే సర్దుకుని, తగ్గిన బలానికి బదులుగా ఫ్లాష్‌ను మరో రెండడుగులు ముందుకు జరపమని అసిస్టెంట్‌కు కేక వేస్తారు.

2023 నవంబరులో సోనీ ప్రకటించిన ఏ9 3లో తెరలే వాడరు. గ్లోబల్ షట్టర్ సెన్సర్ మొత్తాన్నీ ఒకేసారి చదువుతుంది, 1/80000 దాకా ఫ్లాష్ కుదురుతుంది. నల్ల పట్టీ పోయింది. కానీ పూర్తి బలంతో మెరిసే మామూలు ఫ్లాష్ ఆరడానికి సెకనులో దాదాపు వెయ్యోవంతు పడుతుంది. అంత వేగంలో షట్టర్ ముందే మూసుకుపోతుంది, మెరుపులో చాలామటుకు బయటే ఉండిపోతుంది.